ఒకే గుమ్మం... వంద కాపురాలు

*వెబ్‌సైట్‌కి సొంత ఐపీ అడ్రస్ కొనుక్కోవాలా, నలుగురితో పంచుకున్నది చాలా? నెలకి మూడు వందల రూపాయల ఈ ప్రశ్న వెనక పక్కింటివాళ్ల పాపాలున్నాయి, పాత కాపురాల అప్పులున్నాయి.*

రాత్రి పదకొండు దాటింది. మంగళగిరిలో మా వదిన వాళ్ల ముందు గది. నేల మీద దుప్పటి పరిచి, దాని మీద ఇరవై చీరలు. నిజాం అంచువి ఒక పక్క, బుటాలవి ఒక పక్క. ప్రతి చీర మడతలో ఒక చీటీ: పేరు, ఊరు, ఆర్డర్ నంబరు. దసరాకి ఇంకా తొమ్మిది రోజులు. ఫోను మోగింది. న్యూజెర్సీ నుంచి.

"ఏవండీ, కార్డులోంచి డబ్బులైతే పోయాయి. ఆర్డర్ అందినట్టు మెయిలేదీ రాలేదు. మీది నిజంగా ఉన్న షాపేనా?"

ఆ రోజుకి అలాంటి ఫోను అది నాలుగోది. వదిన ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు. తెల్లారగానే, తన చీరల సైటుకి సర్వర్‌లో చోటు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, మీ ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడింది."

వదిన మొహం పాలిపోయింది. తప్పు ఆవిడది కాదు. మన బజార్లలో ఫలానావాడు 'ఐపీ పెట్టాడు' అంటే దివాలా తీశాడని అర్థం. ఇది ఆ ఐపీ కాదని నేను సైగ చేశాక తేరుకుంది.

"మేమేం చేశామని?"

"మీరు కాదు మేడమ్. అదే ఐపీ మీదున్న వేరే సైటేదో స్పామ్ పంపింది."

"ఎవరిది?"

"అది చెప్పకూడదు మేడమ్. మీరు డెడికేటెడ్ ఐపీ తీసుకోండి, ఏ గొడవా ఉండదు. నెలకి మూడు వందలే."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "పక్కింటివాడు దొంగతనం చేస్తే మన గుమ్మానికి తాళం వేస్తారా చిన్నా? పైగా డబ్బు కడితే తీస్తారంట!"

మూడు వందలు పెద్ద లెక్క కాదు, కట్టేద్దామనే అన్నాను. కట్టి ఉంటే డబ్బులూ పోయేవి, మెయిళ్లూ వెళ్లేవి కావు. ఆ సంగతి మాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది.

వాటాల ఇల్లు

పాత ఊళ్లలో వాటాల ఇళ్లు చూసే ఉంటారు. వీధి గుమ్మం ఒకటే, డోర్ నంబరు ఒకటే. లోపల నడవా, నడవాకి అటూ ఇటూ నాలుగైదు కాపురాలు. పోస్ట్‌మాన్ గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి కేకేస్తాడు. ఎవరి ఉత్తరం వాళ్లు తీసుకుంటారు.

షేర్డ్ ఐపీ అంటే ఇదే. ఇంటర్నెట్‌లో ప్రతి సర్వర్‌కీ ఒక నంబరు ఉంటుంది. 203.0.113.45 లాంటిది. ఐపీ అడ్రస్ అంటే అదే. మనం సైటు పేరు టైపు చేస్తే, ముందు ఆ పేరుకి ఏ నంబరో ఆరా తీసి, బ్రౌజర్ ఆ నంబరు గుమ్మం దగ్గరికి వెళ్తుంది. ఒక్కో గుమ్మం వెనక పదుల్లో, వందల్లో, ఒక్కోసారి వేలల్లో సైట్లుంటాయి. బ్రౌజర్ వెళ్లి 'ఫలానా చీరల షాపు కావాలి' అని పేరు చెబితే, సర్వర్ ఆ సైటు పేజీని తీసి ఇస్తుంది.

వెబ్ కొత్తలో ఈ కేకేసే పద్ధతి లేదు. బ్రౌజర్ నేరుగా గుమ్మంలోకి వచ్చి 'మొదటి పేజీ ఇవ్వు' అనేది, ఎవరిదో చెప్పేది కాదు. అందుకే ఒక్కో సైటుకి ఒక్కో నంబరు తప్పనిసరి అయ్యేది. పేరు చెప్పి తీరాలన్న నియమం 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంతో స్థిరపడింది. చవక హోస్టింగ్ వ్యాపారం అంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. 2003 ఫిబ్రవరిలో హార్వర్డ్ పరిశోధకుడు బెన్ ఎడెల్మన్ లెక్క తీస్తే, వాడుకలో ఉన్న డొమైన్లలో 87 శాతానికి పైగా అప్పటికే ఉమ్మడి నంబర్ల మీద ఉన్నాయని తేలింది.

అతికించిన కవరు తెచ్చిన చిక్కు

మరి 'సొంత ఐపీ ఉండాల్సిందే' అన్న మాట ఎక్కడ పుట్టింది? అది అబద్ధంగా పుట్టలేదు. ఒకప్పుడు నిజమే.

కార్డు నంబర్లు, పాస్‌వర్డులు బయటికి కనబడకుండా పోవాలంటే ఉత్తరాన్ని కవర్లో పెట్టి అతికించాలి. బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం గుర్తు చెప్పేది ఆ సంగతే. చిక్కేమిటంటే, పేరు కూడా కవరు లోపలే ఉండిపోయింది. పోస్ట్‌మాన్ కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏ వాటావాళ్లదో తెలియాలంటే విప్పాలి, విప్పాలంటే ఏ వాటావాళ్ల తాళంచెవి వాడాలో తెలియాలి. దానికి అప్పట్లో ఒకటే దారి: తాళం కావాలన్న ప్రతి సైటుకీ విడిగా ఒక గుమ్మం.

కవరు పైన పేరు రాసే ఏర్పాటు 2003 జూన్‌లో ప్రమాణంగా వచ్చింది. దాన్ని ఎస్‌ఎన్‌ఐ అంటారు. అయినా హోస్టింగ్ వాళ్లు పదేళ్లపాటు దాన్ని ధైర్యంగా వాడలేకపోయారు, ఎందుకంటే విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఆ చదువు రాదు. అప్పట్లో మన ఇంటర్నెట్ సెంటర్లూ ఆఫీసులూ నిండా ఎక్స్‌పీయే. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీని వదిలేసింది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తాళాలు, అంటే సర్టిఫికెట్లు, అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడితో ఆ పాత అవసరం తీరిపోయింది.

అవసరం తీరినా సలహా మాత్రం తీరలేదు. 'భద్రత కోసం డెడికేటెడ్ ఐపీ' అనే గడి ఇంకా కొన్ని కంపెనీల బిల్లు పేజీలో టిక్కు కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

దాని పక్కనే ఇంకో రెండు మాటలుంటాయి. సొంత ఐపీ ఉంటే గూగుల్‌లో పైకి వస్తామనేది ఒకటి. గూగుల్ తొలి ఉద్యోగి క్రెయిగ్ సిల్వర్‌స్టీన్ 2003లోనే ఒక ప్రశ్నోత్తరాల్లో దీన్ని కొట్టిపారేశాడు. ఉమ్మడి నంబరు మీదున్న సైటునీ సొంత నంబరున్న సైటునీ ఒకేలా చూస్తామన్నాడు. సైటు వేగంగా తెరుచుకుంటుందనేది రెండోది. డోర్ నంబరు మారిస్తే కుళాయిలో నీళ్ల ధార పెరుగుతుందా? వేగం మిషన్‌ది. ఆ మిషన్‌ని ఎంతమంది వాడుకుంటున్నారన్నది వేరే లెక్క. సొంత ఐపీ కొన్నవాళ్లలో చాలామంది అదే మిషన్‌లో, అదే ఇరుకులోనే ఉంటారు.

> ■ నంబర్ల కరువు
>
> పాత పద్ధతి, అంటే ఐపీవీ4లో మొత్తం నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. 1981లో ఈ ప్రమాణం ఖరారయ్యే నాటికే ప్రపంచ జనాభా దాదాపు 450 కోట్లు. మనిషికొకటి చొప్పున ఆ రోజే చాలవు.
>
> కేంద్ర నిల్వలో మిగిలిన చివరి అయిదు భాగాలను 2011 ఫిబ్రవరి 3న అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఆసియా వాటా చూసే ఏపీనిక్ ఆ ఏప్రిల్ 15కే అడుగంటి, రేషన్ మొదలుపెట్టింది. ఇప్పుడు కొత్త సభ్యులకి గరిష్ఠంగా 512 నంబర్లు.
>
> ముందే వచ్చి కూర్చున్నవాళ్ల సంగతి వేరు. అమెరికాలో ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థ చేతిలో కోటీ 67 లక్షల నంబర్లు ఉండేవి. 2017లో అందులో సగం దాకా అమ్మకానికి పెట్టింది.
>
> దివాలా తీసిన నార్టెల్ కంపెనీ నుంచి 2011లో మైక్రోసాఫ్ట్ 6,66,624 నంబర్లను 75 లక్షల డాలర్లకు కొంది. ఒక్కోటి 11 డాలర్ల పైచిలుకు. ఐపీ పెట్టినవాడి ఐపీలు కొన్నారన్నమాట.

పక్కింటి పాపం

గుమ్మం ఒకటే అయినప్పుడు ఒకరి తప్పుకి అందరికీ శిక్ష పడుతుందని వదిన కన్నా ముందే చాలామందికి తెలిసొచ్చింది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 2002లో ఒక చట్టం చేసింది. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలుండే సైట్లను ఇంటర్నెట్ కంపెనీలు అడ్డుకోవాలి. ఉద్దేశంలో వంక పెట్టేదేం లేదు. కంపెనీలు తమకి చేతనైన పద్ధతిలో, నంబరుకి నంబరూ డొమైన్‌కి డొమైనూ మూసేశాయి. 2004 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసేటప్పుడు లెక్క చూస్తే, నాలుగు వందల లోపు చెడ్డ సైట్ల కోసం మూతపడ్డ అమాయకపు సైట్లు 11 లక్షల 90 వేల పైమాటే. వాళ్లలో చాలామందికి తమ సైటు కొన్ని ఇళ్లలో తెరుచుకోవడం లేదన్న సంగతి కూడా తెలియదు. చెప్పేవాళ్లు ఎవరున్నారు?

2018 ఏప్రిల్‌లో రష్యా టెలిగ్రామ్ అనే మెసేజింగ్ యాప్‌ని ఆపబోయింది. అది అమెజాన్, గూగుల్ గుమ్మాల వెనక మారుతూ తిరుగుతుంటే, ఆ గుమ్మాలే మూసుకుంటూ పోయారు. కోటిన్నరకు పైగా నంబర్లు. టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. దానితో ఏ సంబంధం లేని దుకాణాలూ సేవలూ ఆగిపోయాయి. 2020 జూన్‌లో నిషేధమే ఎత్తేశారు.

స్పెయిన్‌ది మరీ విడ్డూరం. లాలీగా ఫుట్‌బాల్ మ్యాచులను దొంగచాటుగా ప్రసారం చేసే సైట్లను కోర్టు ఉత్తర్వుతో నంబర్ల స్థాయిలో ఆపుతున్నారు. 2025 ఫిబ్రవరి నుంచి వాటిలో, ఎన్నో సైట్ల ముందు గుమ్మంలా నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ తాలూకు ఉమ్మడి నంబర్లూ పడ్డాయి. శని ఆదివారాల్లో మ్యాచ్ మొదలవగానే, బంతితో ఏ పొత్తూ లేని సైట్లు కూడా స్పెయిన్‌లో మాయం. మ్యాచ్ అయ్యాక మళ్లీ ప్రత్యక్షం. వారాంతంలోనే బేరాలు సాగే చిన్న దుకాణదారు ఎవరి మీద కేసు వెయ్యాలి, గోల్ కొట్టినవాడి మీదా?

హోల్డ్‌లో అయిదు నిమిషాలు

మళ్లీ మంగళగిరికి వద్దాం. మూడు వందలు కట్టే ముందు నేను హోస్టింగ్ కంపెనీని ఒక్క మాట అడిగాను: "సొంత ఐపీ తీసుకుంటే మా మెయిల్ కూడా దాని మీదనుంచే వెళ్తుందా?"

అవతల నిశ్శబ్దం. హోల్డ్. అయిదు నిమిషాల సంగీతం. తరవాత వేరే గొంతు: "సార్, వెబ్‌సైట్ కొత్త ఐపీ మీదుంటుంది. మెయిల్ మాత్రం సర్వర్ మెయిన్ ఐపీ మీదే వెళ్తుంది."

అదీ సంగతి. షేర్డ్ హోస్టింగ్‌లో చాలాచోట్ల వరస ఇంతే. మీరు కొనుక్కునేది లోపలికొచ్చే గుమ్మం. ఉత్తరాలు బయటికి వెళ్లేది మాత్రం పాత ఉమ్మడి గుమ్మంలోంచే. వదిన గుమ్మం కొత్తగా మెరుస్తుంది, పోస్టుడబ్బా మీద నల్లముద్ర అలాగే ఉంటుంది.

నల్లముద్ర వేసేవాళ్లెవరు? 1997లో పాల్ విక్సీ అనే ఇంజినీరు స్పామ్ పంపే నంబర్ల చిట్టా ఒకటి తెరిచాడు. 1998లో అలాంటి చిట్టాలే నడిపే స్పామ్‌హౌస్ సంస్థ వచ్చింది. మెయిల్ అందుకునే సర్వర్లు వచ్చిన ప్రతి ఉత్తరానికీ ముందు ఆ గుమ్మం నంబరు చిట్టాలో ఉందేమో చూస్తాయి. ఉంటే 550 అనే అంకె తగిలించి వెనక్కి కొట్టేస్తాయి, లేదా చప్పుడు కాకుండా స్పామ్ బుట్టలో పడేస్తాయి. వదిన ఇన్‌బాక్సులో అలా తిరిగొచ్చిన మెయిళ్లు పదకొండున్నాయి. ఇంగ్లిషులో ఏదో చెత్త వచ్చిందనుకుని ఆవిడ ఒక్కటీ తెరవలేదు.

పోనీ మెయిల్‌కి కూడా పనికొచ్చే సొంత నంబరే కొన్నామనుకోండి. దానికీ రెండు గండాలున్నాయి. కొత్త నంబరు కొత్త కోడలు లాంటిది, ఇల్లు నమ్మడానికి టైము పడుతుంది. మొదటి రోజే వెయ్యి మెయిళ్లు పంపితే పెద్ద మెయిల్ సంస్థలు అనుమానంగా చూస్తాయి. వారాల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. రోజుకి ఇరవై ఆర్డర్లు వచ్చే దుకాణం ఆ నమ్మకం ఎప్పటికి కూడబెట్టాలి? రెండోది, ఈ కరువులో కొత్త నంబరన్నదే దాదాపు లేదు. మీ చేతికొచ్చేది ఎవరో ఖాళీ చేసి వెళ్లిందే. పాత కాపురంవాళ్లు అప్పులు ఎగ్గొట్టి పోయి ఉంటే, అప్పులవాళ్లు వచ్చి కొట్టేది మీ తలుపే.

ఈలోగా మెయిల్ లోకం నంబరు మీద కన్నా పేరు మీద నమ్మకం పెట్టడం మొదలుపెట్టింది. ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ముద్రలు మూడున్నాయి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకి (గూగుల్ లెక్కలో రోజుకి 5000, ఆపైన) ఈ మూడూ తప్పనిసరని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరిలో నియమం పెట్టాయి. చిన్నవాళ్లకీ ఇవి లేకపోతే బండి నడవదు.

నిజంగా ఎవరికి కావాలి

సొంత నంబరు దండగని నేననడం లేదు. కావలసినవాళ్లకి అది ప్రాణం.

మీ సైటు వెనకనుంచి బ్యాంకుతోనో, జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ వ్యవస్థతోనో నేరుగా మాట్లాడుతుంటే, వాళ్లు ముందు మీ నంబరు అడిగి రాసుకుంటారు. ఆ నంబరు నుంచి వచ్చిన మాటే వింటారు. పక్కవాళ్లతో పంచుకున్న నంబరు అక్కడ ఇస్తే, తాళంచెవి నడవాలో మేకుకి తగిలించినట్టే. షేర్లలో ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాముతో నేరుగా, ఆర్డర్లు వేసే చిన్న మదుపర్లకి కూడా మారని నంబరు ఉండాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి 4న సర్క్యులర్ ఇచ్చింది. హైదరాబాద్‌లో ట్రేడింగ్ చేసే కుర్రాళ్ల నోట ఒక్కసారిగా 'స్టాటిక్ ఐపీ' మాట వినబడుతున్నది అందుకే. అయితే ఇక్కడ కావలసింది బయటికి వెళ్లే నంబరు. హోస్టింగ్‌వాళ్లు అమ్మేది సాధారణంగా లోపలికొచ్చేది. రెండూ ఒకటేనని కొనేసి మోసపోయినవాళ్లు తక్కువేం కాదు.

సొంతంగా మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకీ, రోజూ వేలల్లో మెయిళ్లు పంపేవాళ్లకీ కావాలి. మిగతావాళ్లకి, కల్యాణ మండపానికీ కోచింగ్ సెంటర్‌కీ పళ్ల డాక్టరుకీ, ఉమ్మడి నంబరు హాయిగా సరిపోతుంది. అందులోనూ మీ సైటు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సేవ వెనక ఉంటే, చూసేవాళ్లకి కనబడేది ఆ సేవ తాలూకు నంబరే. సొంత గుమ్మం కొని, దాని ముందు ఉమ్మడి గుమ్మం కట్టి, లోపలి గుమ్మానికి నెలనెలా అద్దె కట్టేవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు.

> ■ టిక్కు పెట్టే ముందు అడగండి
>
> ఈ ఐపీ మీదనుంచి మెయిల్ కూడా వెళ్తుందా, సైటు మాత్రమేనా?
>
> ఇంతకు ముందు ఇది ఎవరైనా వాడారా? ఇప్పుడు ఏ బ్లాక్‌లిస్ట్‌లోనైనా ఉందా? (నంబరు ఇస్తే స్పామ్‌హౌస్ సైటులో మీరే ఉచితంగా చూసుకోవచ్చు.)
>
> ఒక సైటు స్పామ్ పంపితే ఎన్ని గంటల్లో దాన్ని ఆపుతారు?
>
> ధర సంగతి: 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ క్లౌడ్ ప్రతి ఐపీవీ4 నంబరుకీ గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. నెలకి మూడున్నర డాలర్ల పైచిలుకు, అంటే మన మూడు వందల చుట్టుపక్కలే. ఆపేసి మరిచిపోయిన సర్వర్‌కి అట్టేపెట్టిన నంబరు మీద కూడా మీటర్ తిరుగుతుంది.

కొనేవాళ్లదీ వాటాయే

ఒక సంగతి దుకాణదార్లకి తట్టదు. నంబర్ల కరువు మొబైల్ కంపెనీలకీ ఉంది. మీ ఫోనూ, పక్క సీట్లో ప్రయాణికుడి ఫోనూ, బస్సులో సగంమంది ఫోన్లూ ఒకే ఐపీవీ4 గుమ్మంలోంచి బయటికి వెళ్తుంటాయి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి ఎగ్గొట్టాడని ఒకడి ఐపీని మీ సైటులో బ్లాక్ చేస్తే, వాడితో పాటు ఎన్ని ఇళ్ల గిరాకీ పోయిందో మీకు తెలియదు. నేరస్థుడూ అమాయకుడూ ఒకే నంబరు వెనక ఉంటే పట్టుకునేదెలాగని 2017 అక్టోబరులో యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ బాహాటంగానే మొత్తుకుంది.

ఈ కరువుకి అసలు మందు కొత్త పద్ధతి, ఐపీవీ6. అందులో నంబర్లకి కరువన్న మాటే లేదు. 2016లో జియో వచ్చాక మన దేశం దాని వాడకంలో ప్రపంచంలో ముందు వరసకి చేరింది. అయినా రెండో వైపు పాత నంబర్ల మీదే కూర్చున్నవాళ్లు కోకొల్లలు గనక, పాత గుమ్మం మూసేసే ధైర్యం ఎవరికీ లేదు.

వదిన ఏం చేసింది

మూడో రోజు సాయంత్రం కూర్చున్నాం. షేర్డ్ ఐపీ అలాగే ఉంచేశాం. ఆర్డర్ మెయిళ్లు మాత్రం ఆ పనే చేసే వేరే మెయిల్ సేవకి మార్చాం. అదీ ఉమ్మడి నంబర్లదే, కాకపోతే కాపలా గట్టిది. స్పామ్ పంపినవాణ్ణి వెంటనే బయటికి నెడతారు. డొమైన్ సెట్టింగుల్లో డీకిమ్ ముద్ర పెట్టాలి. రెండు వందలకి పైగా అక్షరాలు, చిన్నవీ పెద్దవీ అంకెలూ కలగాపులగంగా. కాపీ చేస్తే సరిపోయేది. వదిన తన ఫోన్లో చూసి చదువుతానంది, నేను టైపు చేశాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి కాపీ చేశాం. గంటన్నర తరవాత న్యూజెర్సీకి ఒక మెయిల్ పంపితే, "వచ్చిందండీ" అని వాట్సాప్.

చీరలు సర్దుతూ వదిన అడిగింది: "మన గుమ్మంలో ఉన్నవాళ్లెవరో చెప్పకూడదన్నాడుగా. మనం చూసుకోలేమా?"

చూసుకోవచ్చు. ఒక నంబరు మీద ఏయే సైట్లున్నాయో చూపించే సేవలు ఉచితంగానే దొరుకుతాయి. వేసి చూశాం. నూట ముప్ఫై పైన వచ్చాయి. ఒక హోమియో క్లినిక్, రెండు స్కూళ్లు, బోర్‌వెల్స్ వాళ్లు, ఎవరిదో పెళ్లి శుభలేఖ సైటు, నకిలీ గడియారాలు అమ్మేది ఒకటి. దాని దగ్గర వదిన వేలు ఆగింది. "వీడే అయ్యుంటాడు." నిజమేనేమో, రుజువైతే లేదు. ఇంకొంచెం కిందికి వెళ్లేసరికి ఉసిరికాయ పచ్చడి బొమ్మ కనిపించింది. "మన పక్క వాటాలో పచ్చళ్ల కొట్టుందే!" అని అప్పటికప్పుడే అరకిలో ఉసిరికాయ, పావుకిలో పండుమిరప ఆర్డర్ పెట్టింది.

డబ్బులు కట్టయ్యాయి. ఆర్డర్ అందినట్టు మెయిల్ మాత్రం ఎంతకీ రాలేదు. స్పామ్ బుట్టలో వెతికితే దొరికింది.